24 సిట్టింగులకు డబ్బు కట్టే ముందు

ప్రశ్న: మేడమ్, నమస్తే. నా వయసు 36. మాది మదనపల్లె. పన్నెండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. ఆరు వారాల కిందట 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి స్టాండు మీద పెడుతుంటే నడుం పట్టేసింది. రెండు రోజులు మంచం దిగలేదు. ఆర్థోపెడిక్ డాక్టరు మాత్రలు రాసి ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు. ఆఫీసు వల్ల వెళ్ళడం కుదరలేదు. నొప్పి సగం తగ్గింది కానీ కుడి పిర్ర నుంచి తొడ వెనక దాకా లాగుతోంది, కూర్చుంటే ఎక్కువవుతోంది. ఎమ్మారై తీయిస్తే ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుం నాలుగో, అయిదో వెన్నుపూసల మధ్య, కొంచెం డిస్క్ బల్జ్ (డిస్కు ఉబ్బడం) ఉందని వచ్చింది. మావారి ఆఫీసులో ఒకాయన చెబితే మొన్న ఒక కైరోప్రాక్టిక్ సెంటరుకి వెళ్ళాం. వాళ్ళు ఎక్స్‌రే తీసి, వెన్నుపూస పక్కకి జరిగిందనీ, ఇప్పుడే సరిచేయకపోతే ఆపరేషన్ దాకా పోతుందనీ అన్నారు. 24 సిట్టింగుల ప్యాకేజీ 42 వేలట, ఈ శనివారంలోగా కడితే 36 వేలట. ఒక్కసారి చేశారు. టక్ టక్‌మని చప్పుడొచ్చింది, రెండు రోజులు చాలా తేలిగ్గా ఉంది, మళ్ళీ మామూలే. మా అత్తగారికి 64 ఏళ్ళు, షుగరు ఉంది, మెడ నొప్పి అంటున్నారు. ఆవిణ్ణి కూడా అక్కడికే తీసుకెళ్దామంటున్నారు మావారు. మా అమ్మేమో పుత్తూరు పోదాం రమ్మంటోంది. ఎక్కడ కాళ్ళు పడిపోతాయోనని ఒకటే టెన్షన్. ఈ ఆరు వారాల్లో మా మూడేళ్ళ పాపని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శనివారం గడువు పెట్టారు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. ఆ 36 వేలు కట్టకండి. ఆ వైద్యం దండగ అని ఈ మాట అనడం లేదు. చేతులతో నడుం కీళ్ళని కదిలించే ఆ పద్ధతి నడుం నొప్పికి కొంత పనిచేస్తుంది, దానికి మంచి ఆధారాలే ఉన్నాయి. మొదటి రోజే, ఒక్కసారి చూసి, 24 సార్లు కావాలని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు. నేను ఈ ఊళ్ళో 19 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా వృత్తి వేరు, వాళ్ళ వృత్తి వేరు. అందుకే వాళ్ళ వైద్యంలో బలం ఎక్కడుందో అది దాచకుండా చెబుతాను.

అంతకంటే ముందు మిమ్మల్ని కొన్ని అడగాలి. సైకిల్ సీటు ఆనే చోట, అంటే తొడల మధ్య, మలమూత్ర ద్వారాల చుట్టూ, మొద్దుబారినట్టు ఉందా? మూత్రం వస్తున్నట్టే ఉండి రాకపోవడం గానీ, తెలియకుండా పోవడం గానీ ఉందా? నడుస్తుంటే పాదం పైకి లేవక చెప్పు జారిపోతోందా? రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చదవడం ఇక్కడే ఆపి, ఇప్పుడే పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. మన ఊళ్ళో నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి ఎమర్జెన్సీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. డిస్క్ వెళ్ళి నడుం అడుగున ఉన్న నరాల కట్టని గట్టిగా నొక్కేస్తే వచ్చే గుర్తులివి. అప్పుడు గంటల లెక్కన తేల్చుకోవాలి. సాయంత్రాలు జ్వరం రావడం, ఊరికే బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, ఇంతకుముందు ఎప్పుడైనా క్యాన్సరు వచ్చి ఉండడం, చాలాకాలం స్టెరాయిడ్లు వాడడం, ఇవేమైనా ఉంటే అంత హడావుడి అక్కర్లేదు గానీ, ఎవరూ నడుం మీద చెయ్యి వెయ్యకముందే డాక్టరు చూడాలి. మన దేశంలో వెన్నుకి టీబీ రావడం ఇప్పటికీ ఉంది.

ఈ ప్రశ్నల మీద ఎందుకింత పట్టుబడతానో చెబుతాను. మూడేళ్ళ కిందట పీజీ హాస్టల్‌లో ఉండే ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. అంతకుముందు రెండు వారాలుగా ఎక్కడో నడుం విరిపించుకుంటున్నాడు. బల్ల ఎక్కబోతూ మాటవరసకి, “పొద్దుట్నుంచీ యూరిన్ రావట్లేదు మేడమ్, నీళ్ళు తక్కువ తాగానేమో” అన్నాడు. నేను చెయ్యి వెయ్యలేదు. తోడు మనిషినిచ్చి ఆటో ఎక్కించాను. ఆ రాత్రే ఆపరేషన్ అయింది. రెండు వారాల్లో ఆ ప్రశ్న అతన్ని ఒక్కరూ అడగలేదట. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? అడగకుండానే బల్ల మీద పడుకోబెట్టి ఉంటే, నాకు ప్యాకేజీ ధర కన్నా అదే ఎక్కువ కంగారు.

మీరు రాసిన దాన్నిబట్టి అలాంటివేవీ కనిపించడం లేదు. నొప్పి మోకాలు దాటలేదు, ఆరు వారాల్లో సగం తగ్గింది. రెండూ మంచి గుర్తులే.

ఇక, వెన్నుపూస పక్కకి జరిగిందన్న మాట. నడుం దగ్గర ఉండే అయిదు వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి ఊరికే పేర్చిన ఇటుకలు కావు. ముందూ వెనకా బలమైన పట్టీలు, వెనక జంట జంటగా కీళ్ళు, చుట్టూ కండరాలు వాటిని బిగించి ఉంచుతాయి. మధ్యలో ఉండే డిస్కు తాటిముంజ లాంటి మెత్తని భాగం, దాని చుట్టూ నులక మంచం అల్లికలా ఒక వరస ఇటు, ఒక వరస అటు పోయే గట్టి పీచు. ఒక తోపుకి పక్కకి జరిగి, ఇంకో తోపుకి తిరిగి వచ్చేంత వదులు అక్కడ లేదు. వెన్నుపూస నిజంగానే ముందుకి జారే జబ్బు ఒకటుంది, స్పాండిలోలిస్థెసిస్ అంటారు. మీ ఎమ్మారై రిపోర్టులో ఆ మాట ఉందేమో చూసుకోండి. ఉంటే మాత్రం మీ డాక్టరుతో మాట్లాడేదాకా ఎవరిచేతా తోయించుకోకండి. లేకపోతే ఎక్స్‌రే చూపించి చెప్పిన ఆ ‘జరగడం’ గురించి ఈ రాత్రి నుంచే నిశ్చింతగా పడుకోండి.

బల్జ్ మాట కూడా మిమ్మల్ని భయపెట్టి ఉంటుంది. అసలు నడుం నొప్పే లేని వాళ్ళకి తీసిన స్కానింగులన్నీ పోగేసి 2015లో ఒక లెక్క కట్టారు. మూడు వేల మందికి పైగా ఉన్నారు అందులో. నొప్పి లేని ముప్పై ఏళ్ళ వాళ్ళలో నూటికి 40 మందికి, నలభై ఏళ్ళ వాళ్ళలో సగం మందికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 84 మందికి డిస్క్ బల్జ్ కనిపించింది. మీ క్యాబ్‌లో మీతోపాటు ఆఫీసుకి వచ్చేవాళ్ళని వరసగా స్కాన్ చేస్తే, హాయిగా తిరుగుతున్న వాళ్ళలోనూ ఇలాంటి రిపోర్టులే వస్తాయి. మీ నొప్పికి ఆ డిస్కు కారణం కావచ్చు, కాకపోవచ్చు. కారణమే అయినా, చాలామందికి అది కత్తి పెట్టకుండానే నెమ్మదిస్తుంది.

ఈ ‘పక్కకి జరిగిన ఎముక’ అన్న ఆలోచన పుట్టింది 1895లో, అమెరికాలోని అయోవా రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళో. డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన, చెవుడున్న ఒక పనివాడి వెన్నుపూసని తోసి వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. జబ్బుల్లో చాలా మటుకు వెన్నుపూసలు స్థానం తప్పడం వల్లనే వస్తాయని ఆయన నమ్మకం. వినికిడి నరం అసలు వెన్ను గుండా పోదు, తలలోపలే ఉంటుంది. ఆ వృత్తి తర్వాత చాలా మారింది. బ్రిటన్‌లో 1994 నుంచి దానికి చట్టం ఉంది, ఆ చట్టం కింద ఏర్పడిన కౌన్సిలే 2010లో, స్థానం తప్పడం జబ్బులకి కారణమని చెప్పుకోవడానికి పరిశోధనల ఆధారం లేదని చెప్పింది. అంటే బాగా చదువుకున్న కైరోప్రాక్టర్ మీతో ఆ మాట అనరు. అన్నవాళ్ళు నూట పాతికేళ్ళ నాటి పాఠం చెబుతున్నారు.

మరి ఆ చప్పుడేమిటి, ఆ రెండు రోజుల హాయి ఏమిటి అంటారు. చప్పుడు మెటికలు విరిచినప్పటిదే. కీలులో ఉండే జిగురు నీటిలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి గాలి బుడగ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు ఎమ్మారై లోపలే వేలి మెటిక విరిచి ఆ బుడగని చూశారు. ఒకసారి విరిచిన మెటిక వెంటనే మళ్ళీ మోగదని మీకు తెలుసు కదా, నడుం కీళ్ళూ అంతే. ఎముక చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు కాదది. చప్పుడు రాకపోయినా గుణం ఉంటుంది, వచ్చినా లేకపోవచ్చు.

హాయి మాత్రం నిజం. దాన్ని నేను తక్కువ చెయ్యను. మా నాయనమ్మకి నడుం పట్టేస్తే వీధి చివరి ఇంట్లో ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లాణ్ణి పిలిపించేది. చాప మీద బోర్లా పడుకునేది. వాడు గోడ పట్టుకుని, మడమ ఆనించి, ఒక్కో అడుగూ వేసేవాడు. “ఆ, అక్కడే, అక్కడే నిలబడరా” అనేది. లేచి పొయ్యి దగ్గరికి నడిచి వెళ్ళేది. బిగుసుకుపోయిన కండరం మీద, కీలు మీద ఒక బలం పడగానే అది కాసేపు వదులవుతుంది, మెదడుకి అందే నొప్పి కబురు తగ్గుతుంది. చదువుకున్న చేతులు అదే పనిని కొలతగా, చూసి చేస్తాయి. మిమ్మల్ని ఎడమ పక్కకి తిప్పి, పై కాలు మడిచి, భుజాన్ని వెనక్కి ఆపి, తుంటి మీద చిన్నగా, వేగంగా ఒక తోపు ఇచ్చి ఉంటారు. మంచి చేతుల్లో అది క్షణంలో సగం. దొరికిన ఆ తేలికదనాన్ని మీరు నడవడానికి, వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకుంటేనే అది నిలుస్తుంది. మీరు ఆ రెండు రోజులూ ఏం చేశారో రాయలేదు గానీ, బహుశా ఆఫీసు కుర్చీలోనే గడిచి ఉంటాయి.

పెద్ద పెద్ద వైద్య సంస్థల మాట కూడా ఇంచుమించు ఇదే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో నడుం నొప్పికి మాత్రల కన్నా ముందు ప్రయత్నించదగ్గ వాటిలో దీన్నీ చేర్చింది, కాపడం, మర్దన లాంటి వాటి పక్కన. బ్రిటన్ వాళ్ళ నైస్ సంస్థ 2016లో, వ్యాయామంతో కలిపి అయితేనే చేయించుకోవచ్చంది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుం నొప్పికి పనికొచ్చే వాటిలో దీన్ని పెట్టింది. 2019లో 47 పరిశోధనలని, తొమ్మిది వేల మందికి పైగా రోగుల వివరాలని కలిపి చూస్తే, దీర్ఘకాలిక నొప్పికి ఇది మిగతా మంచి చికిత్సలకి సాటిగా ఉందని తేలింది. వాటికన్నా పెద్దగా మెరుగని తేలలేదు. కాబట్టి మీకు ఆ చేతుల మీద నమ్మకం కుదిరితే వెళ్ళండి. దేనికి దానికి డబ్బిచ్చి, మూడు వారాల్లో నాలుగు సార్లు, మహా అయితే ఆరు. కూర్చునే సమయం పెరగాలి, తొడలో లాగడం తగ్గాలి. ఆ తేడా కనిపించకపోతే ఏడోసారి కనిపిస్తుందని నేను అనుకోను. చేసిన మర్నాడు కాస్త నొప్పి, బిగుతు ఉండడం మామూలే, దానికి భయపడకండి.

చేసేవాళ్ళు ఏం చదివారో అడగండి. ఇది మొహమాటపడే విషయం కాదు. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కి బ్రిటన్‌లో ఉన్నట్టు చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. విదేశాల్లో ఏళ్ళ తరబడి చదివి వచ్చినవాళ్ళూ ఆ బోర్డే పెడతారు, వారాంతపు కోర్సు చేసినవాళ్ళూ అదే బోర్డు పెట్టగలరు. బీపీటీ, ఎంపీటీ చేసిన ఫిజియోలలో కూడా ఈ పద్ధతి నేర్చుకుని చేసేవాళ్ళున్నారు. డిగ్రీ పేరు, కాలేజీ పేరు సూటిగా చెప్పనివాళ్ళకి మీ నడుం అప్పగించకండి. ఇంకొకటి, ముందే కట్టిన డబ్బు మనిషిని కట్టేస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగిని పదకొండో సిట్టింగుకే నొప్పి పెరిగిందని తెలిసి కూడా, కట్టేశాను కదా అని ఇరవై దాకా వెళ్ళింది. ఆవిడ ఆ మాట చెబుతూ ఏడ్చింది.

మీ అత్తగారిని మాత్రం అక్కడికి తీసుకెళ్ళకండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మెడని విసురుగా తిప్పినప్పుడు మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని చీలి పక్షవాతం వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అరుదే, కానీ వస్తే పోయేది జీవితం. పైగా 64 ఏళ్ళు, ఎముకలు పలచబడి ఉండవచ్చు. ఆవిడకి మెడ తిప్పని వ్యాయామాలు, వేడి కాపడం, దిండు మార్చడం చాలు. చేతుల్లో తిమ్మిరి, వస్తువులు జారవిడవడం, నడకలో తూలడం ఉంటే డాక్టరుకి చూపించండి. క్షౌరశాలలో తల మర్దన తర్వాత మెడ విరుస్తారు చూశారూ, మీవారు అది చేయించుకుంటుంటే అది కూడా మాన్పించండి.

అమ్మని నొప్పించకుండా చెప్పండి: పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్ళ కోసం. ఆకు పసరు, గుడ్డుసొన, వెదురు బద్దలు వేసి విరిగిన చోటు కదలకుండా కడతారు. మీకు ఎముక విరగలేదు, మీ నడుం కదలాలి. బస్సులో అంతసేపు కూర్చుని వెళ్ళడం మీకిప్పుడు ఉన్న వాటిలో కష్టమైన పని కూడా.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో చూద్దాం. పొద్దున లేచాక అరగంట ఆగి, గట్టి చాప మీద బోర్లా పడుకోండి. రెండు నిమిషాలు ఊరికే ఉండండి. తర్వాత మోచేతుల మీద ఆనుకుని, పిల్లలు నేల మీద పడుకుని బొమ్మల పుస్తకం చూసినట్టు, ఛాతీ పైకి లేపండి. పొట్ట, తుంటి నేలకే ఉండాలి. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ గమనించండి, తొడలో ఉన్న లాగుడు పైకి, పిర్ర వైపుకి, నడుం వైపుకి ముడుచుకుంటోందా? నడుం దగ్గర కాస్త ఎక్కువైనా పర్వాలేదు, తొడ ఖాళీ అవుతుంటే అది మీకు సరిపడే కదలిక. రోజుకి నాలుగైదు సార్లు చేయండి. అలా కాక నొప్పి కిందకి, పిక్క వైపు దిగుతుంటే ఆపేసి, ఒక ఫిజియోకి చూపించుకోండి. వాళ్ళు మీకు సరిపడే వేరే దిక్కు వెతుకుతారు. డాక్టరు రాసిన ఆ ఫిజియో చీటీ ఇంకా చెల్లుతుంది, ఆఫీసుకి సెలవు పెట్టయినా రెండు మూడు సార్లు వెళ్ళండి.

నడక మాట నేనెంత చెప్పినా తక్కువే. ఆస్ట్రేలియాలో నడుం నొప్పి తగ్గినవాళ్ళు 701 మందిని తీసుకుని, కొందరికి ఫిజియో సాయంతో మెల్లగా నడక పెంచి, వారానికి అయిదు రోజులు అరగంట దాకా తెచ్చారు. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ సాయం లేని మిగతావాళ్ళలో సగం మందికి నొప్పి తిరిగి రావడానికి 112 రోజులు పడితే, నడిచినవాళ్ళలో సగం మందికి 208 రోజులు పట్టింది. మీ వైపు ఫుట్‌పాత్‌ల సంగతి నాకు తెలుసు, రాళ్ళు లేచిపోయి ఉంటాయి. కుందలహళ్ళి చెరువు గట్టు గానీ మీ అపార్ట్‌మెంట్ మేడ గానీ చాలు. పది నిమిషాలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకి ఒక్కో రెండు నిమిషాలు పెంచండి. ఆఫీసులో అరగంటకొకసారి లేవండి, ఫోన్ మీటింగులు నిలబడి వినండి. కుర్చీ ఎంత ఖరీదైనదైనా గంటల తరబడి కదలకుండా కూర్చోవడానికి సరిపోదు. బెల్టు కొనివ్వమని ఎవరైనా అంటే వద్దనండి, దీర్ఘకాలిక నొప్పికి బెల్టులు మామూలుగా వాడవద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది.

నీళ్ళ క్యాన్‌ని ఈ రెండు నెలలూ తెచ్చిన అబ్బాయి చేతే స్టాండు మీద పెట్టించండి. ఆ తర్వాత కూడా నేల మీద నుంచి నడుం వంచి, చేతులు చాచి లేపకండి. దగ్గరికి జరుపుకుని, మోకాళ్ళు మడిచి, క్యాన్‌ని పొట్టకి ఆనించుకుని లేపాలి.

పాపని ఎత్తుకోవచ్చు. ఈ రోజే. నిలబడి వంగి లేపకండి, మంచం అంచున కూర్చోండి, పాదాలు నేలకి ఆనాలి. పాపని మీ ఒళ్ళోకి తనంతట తనే ఎక్కనివ్వండి, మీ వైపు తిరిగి, కాళ్ళు మీ నడుం చుట్టూ వేసేలా. ఒక చెయ్యి తన వీపు మీద, ఒకటి పిర్రల కింద. తనని మీ ఛాతీకి గట్టిగా హత్తుకుని, ఊపిరి వదులుతూ, కాళ్ళ బలంతో లేవండి. మొదటిరోజు నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూర్చోండి. తొడ లాగకపోతే రేపు ఇంకో నాలుగు.